ఉమ్మడి పటసాధనాల చరిత్రలో ‘గ్రాస్’: ఒక ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ చేతులు మారిన తీరు

సారాంశం

భౌగోళిక సమాచారాన్ని విశ్లేషించి పటాలు తయారుచేసే ఓపెన్ సోర్స్ సాధనాల్లో ‘గ్రాస్’ బాగా పాతది. 1982లో అమెరికా సైన్యానికి చెందిన ఒక ప్రయోగశాలలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ను 1990ల మధ్యలో దాని నిర్మాణ సంస్థే వదిలిపెట్టింది. ఆ తరువాత దానిని నిలబెట్టినవారు విశ్వవిద్యాలయాల్లోని ఉపాధ్యాయులు, విద్యార్థులు. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నంత మాత్రాన సాధనం దానంతటదే బతుకుతుందన్న అభిప్రాయాన్ని ఈ చరిత్ర ఆధారంగా పరీక్షించడం, మన దేశంలో సాధనాల స్వేచ్ఛకూ పటాల అందుబాటుకూ మధ్య చాలాకాలం కొనసాగిన ఎడాన్ని తెలుగు ప్రాంతాల నేపథ్యంలో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రాస్, జీఐఎస్, ఓపెన్ సోర్స్, ఓఎస్‌జియో, పరీవాహక ప్రాంతం, చెరువులు, సర్వే ఆఫ్ ఇండియా, పటాల విధానం.

1. ప్రవేశిక

ఒక చెరువులోకి ఎంత మేర నుంచి నీరు వచ్చి చేరుతుందో, వరద వస్తే ఏ వాడలు మునుగుతాయో, కొత్త రోడ్డు ఎవరి పొలాల మీదుగా పోతుందో నేడు కంప్యూటర్ తెర మీదనే అంచనా వేయవచ్చు. ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌ను భౌగోళిక సమాచార వ్యవస్థ అనీ, వాడుకలో జీఐఎస్ అనీ అంటున్నాం. వాణిజ్య సంస్థలు అమ్మే జీఐఎస్‌లతో పాటు, ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, లోపలి కోడ్‌ను చదివి, మార్చుకోగలిగిన ఓపెన్ సోర్స్ జీఐఎస్‌లూ ఉన్నాయి. క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్, మ్యాప్‌సర్వర్, గ్రాస్ ఈ రెండో కోవకు చెందినవి.

వీటి చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంతో మొదలుపెట్టి, 1991 నాటి లినక్స్ మీదుగా పటాల దాకా రావడం పరిపాటి. ఈ వరుసలో ఒక చిక్కు ఉంది. స్టాల్‌మన్ తన గ్నూ ప్రాజెక్టును ప్రకటించింది 1983 సెప్టెంబరులో. గ్రాస్ పని అంతకు ఏడాది ముందే మొదలైంది. పైగా అది ఉద్యమకారుల చేతుల్లో కాక సైనిక ప్రయోగశాలలో మొదలైంది. కనుక పటసాధనాల స్వేచ్ఛకు ఒక మూలం ఉద్యమంలో ఉంటే, మరొక మూలం ప్రభుత్వ ఖజానాతో తయారైన వస్తువు ప్రజలదేనన్న చట్టంలో ఉంది. ఈ రెండో మూలానికి మన చర్చల్లో తగినంత చోటు దక్కలేదు.

2. శిక్షణ మైదానాల లెక్క

అమెరికాలో 1970 జనవరి 1న జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం జరిగింది. దాని ప్రకారం ఏ కేంద్ర ప్రభుత్వ శాఖ అయినా పెద్ద పని తలపెడితే పర్యావరణం మీద దాని ప్రభావాన్ని ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. సైన్యానికి కూడా మినహాయింపు లేదు. యుద్ధ ట్యాంకులు తిరిగే శిక్షణ మైదానాల్లో పచ్చిక పోతుంది, మట్టి కొట్టుకుపోతుంది. ఎక్కడ, ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేల స్వభావం, వాలు, వృక్షసంపద, వాడకం అనే నాలుగైదు పటాలను ఒకదాని మీద ఒకటి పరచి చూడాలి.

ఆ బాధ్యత ఇలినాయ్ రాష్ట్రంలోని షాంపేన్‌లో ఉన్న సైనిక నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాల మీద పడింది. దీనినే పొడి అక్షరాల్లో సెర్ల్ అంటారు. బిల్ గోరన్ నాయకత్వంలో జిమ్ వెస్టర్‌వెల్ట్, మైకేల్ షపీరో తదితరులు ఇక్కడ పనిచేశారు. తొలి ప్రయోగాలు టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్ స్థావరం కోసం జరిగాయి. వాటి నుంచి రూపుదిద్దుకున్నదే ‘భౌగోళిక వనరుల విశ్లేషణ సహాయక వ్యవస్థ’. దాని ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలను కలిపితే గ్రాస్ అవుతుంది. గడ్డి పోయిన మైదానాల లెక్క తేల్చడానికి పుట్టిన సాధనానికి గడ్డి పేరే దక్కింది. దాని వార్తాపత్రికకు కూడా ‘కోసిన గడ్డి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

నిర్మాతల హాస్యం సంగతి అలా ఉంచితే, వ్యాప్తి విషయంలో వారు చేసిన పని గమనార్హం. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు విధినిర్వహణలో రాసినదానికి కాపీరైట్ ఉండదు. గ్రాస్ సోర్స్ కోడ్ కాబట్టి మొదటి నుంచీ సార్వజనీనమే. నేల సంరక్షణ శాఖ, జాతీయ ఉద్యానవనాల శాఖ, భూగర్భ సర్వే సంస్థ వంటివి దానిని తీసుకుని వాడటమే కాక, తమకు కావలసిన భాగాలను తాము రాసి తిరిగి ఇచ్చాయి. ఏటా వాడకందారుల సమావేశాలు జరిగేవి. 1987లో దీని ప్రచారం కోసం తీసిన వీడియోకు ‘స్టార్ ట్రెక్’ నటుడు విలియం షాట్నర్ వ్యాఖ్యానం చెప్పాడు. ‘సముదాయం’ అన్న మాట సాఫ్ట్‌వేర్ రంగంలో ఇంత విరివిగా వాడుకలోకి రాకముందే దాని లక్షణాలన్నీ ఇక్కడ కనిపిస్తున్నాయి.

3. గుంటల సమస్య

ఈ పరస్పర సహకారం నుంచి ఎటువంటి పని వెలువడిందో తెలియడానికి ఒక్క ఉదాహరణ కొంత వివరంగా చూడటం మేలు. గ్రాస్‌లో ‘ఆర్.వాటర్‌షెడ్’ అనే భాగం ఉంది. దీనిని సెర్ల్‌లో చార్ల్స్ ఎల్ష్లేగర్ రూపొందించాడు. దాని పద్ధతిని 1989లో ప్రకటించాడు. ఒక ప్రాంతపు ఎత్తుల పటాన్ని ఇస్తే నీరు ఏ దిశగా పారుతుందో, ఏ వాగు పరీవాహక ప్రాంతం ఎంతో అది గీసి చూపుతుంది.

చెప్పినంత తేలిక కాదు. ఎత్తుల పటమంటే చిన్న చిన్న గడులుగా విభజించిన నేల. ప్రతి గడికీ ఒక ఎత్తు ఉంటుంది. నీరు పక్కనున్న పల్లపు గడికి పోతుందన్నది సూత్రం. కొలతల్లో దొర్లే దోషాల వల్ల లేని గుంటలు పటంలో పుట్టుకొస్తాయి. చుట్టూ ఉన్న గడులన్నీ తనకంటే ఎత్తుగా ఉన్న గడిలోకి నీరు చేరిందంటే లెక్క అక్కడే ఆగిపోతుంది. అందుకని చాలా సాధనాలు ముందుగా గుంటలన్నింటినీ పూడ్చి, నేలను చదును చేసి, తరువాత లెక్క మొదలుపెడతాయి. ఎల్ష్లేగర్ పద్ధతి ఇందుకు తిరగబడి నడుస్తుంది. అది నీటితో పాటు దిగకుండా, నీరు బయటికి పోయే అంచు దగ్గర మొదలై, ప్రతి అడుగులోనూ అందుబాటులో ఉన్న అతి పల్లపు గడిని ఎంచుకుంటూ మిట్టకు ఎక్కుతుంది. గుంట ఎదురైతే దాని కట్టలో తక్కువ ఎత్తున్న చోటు దాటి లోపలికి దిగి, మళ్లీ ఎక్కుతుంది. నేలను పూడ్చవలసిన అవసరమే రాదు.

దీనికి తోడు మరొక ఏర్పాటు ఉంది. పటంలోని కొన్ని గుంటలు కొలతల దోషం కాక నిజమైనవే కావచ్చు. అటువంటి చోట్లను వేరే పటంగా ఇస్తే, నీరు అక్కడే నిలుస్తుందని గ్రహించి సాధనం లెక్క వేస్తుంది. తెలంగాణ, రాయలసీమ నేలలను ఎరిగినవారికి ఈ చిన్న ఏర్పాటు విలువ వెంటనే తెలుస్తుంది. కాకతీయుల కాలం నుంచీ విస్తరించిన గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు అలుగు పారితే నీరు దిగువ చెరువుకు చేరుతుంది. ఇక్కడ గుంట నిజం, కట్ట నిజం, అలుగూ నిజమే. అన్ని గుంటలనూ దోషాలుగా భావించి పూడ్చే పద్ధతి ఈ నేలను తప్పుగా చదువుతుంది. అమెరికా శిక్షణ మైదానాల కోసం రాసిన కోడ్‌కు మన చెరువుల సంగతి తెలిసే అవకాశం లేదు. అయినా కోడ్ చదివే వీలున్నందువల్లనే, అది గుంటను ఏమని భావిస్తోందో ఇక్కడి పరిశోధకుడు స్వయంగా చూసి, సరిపోతుందో లేదో నిర్ణయించుకోగలడు. సాధనం లోపల ఏం జరుగుతోందో చూడగలగడం ధర కంటే పెద్ద విషయమని నా అభిప్రాయం. ఓపెన్ సోర్స్‌ను సమర్థించేవారు సాధారణంగా ధర గురించే ఎక్కువగా మాట్లాడతారు.

4. నిర్మాతలు తప్పుకున్న కాలం

1993లో 4.1 వెర్షన్ విడుదలైన నాటికి గ్రాస్ పేరు విశ్వవిద్యాలయాల్లో బాగా వ్యాపించింది. సరిగ్గా ఆ సమయంలోనే కాళ్ల కింద నేల కదిలింది. వాణిజ్య జీఐఎస్‌లు బలపడ్డాయి. సొంతంగా తయారుచేసుకోవడం కంటే బజారులో దొరికేది కొనుక్కోవడమే మేలన్న ధోరణి ప్రభుత్వ శాఖల్లో పెరిగింది. 1990ల మధ్యలో సెర్ల్ గ్రాస్ నిర్వహణ నుంచి తప్పుకుంది.

ఇక్కడ ఒక విచిత్రమైన పరిణామాన్ని చెప్పుకోవాలి. గ్రాస్‌ను పోషించడానికి 1992లో ‘ఓపెన్ గ్రాస్ ఫౌండేషన్’ అనే సంస్థ ఏర్పడింది. వేర్వేరు జీఐఎస్‌లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి ఉమ్మడి ప్రమాణాలు కావాలన్న ఆలోచన వైపు అది మొగ్గి, 1994లో ‘ఓపెన్ జీఐఎస్ కన్సార్షియం’గా మారింది. నేడు అంతర్జాలంలో పటాలను పంచుకునే ప్రమాణాల్లో అనేకం ఈ సంస్థ ఆమోదించినవే. మేలు జరిగింది నిజమే. కానీ ఏ సాధనం కోసం సంస్థ పుట్టిందో ఆ సాధనం పేరు సంస్థ పేరులో నుంచి తొలగిపోయింది, దాని బాగోగులు చూసే బాధ్యతా తొలగిపోయింది.

కోడ్ అప్పటికీ సార్వజనీనమే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. చట్టపరంగా ఒక్క అడ్డంకీ లేదు. అయినప్పటికీ సాధనం ఆగిపోయే స్థితికి వచ్చింది. కొత్త కంప్యూటర్లకు అనుగుణంగా కోడ్‌ను సరిదిద్దేవారు, దోషాల జాబితాను చూసేవారు, ఏ మార్పు చేర్చాలో ఏది వద్దో నిర్ణయించేవారు లేరు. స్వేచ్ఛకు లోటు లేదు, సంరక్షకుడే లేడు. ఓపెన్ సోర్స్ చరిత్రలో ఈ రెండింటినీ విడదీసి చూడదగిన సందర్భాలు అరుదు. గ్రాస్ జీవితంలోని ఈ రెండు మూడేళ్లు అటువంటి సందర్భం.

సంరక్షణ ముందుగా టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అక్కడి బృందం 1997లో 4.2 వెర్షన్ విడుదల చేసింది. తొలి ప్రయోగాలు జరిగిన రాష్ట్రంలోనే ఇది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. అనంతరం భారం జర్మనీలోని హనోవర్‌కు చేరింది. అక్కడ భూగోళశాస్త్రం చదువుకున్న మార్కస్ నెటెలర్ చొరవతో తరువాతి వెర్షన్లు వెలువడ్డాయి. ఒక సైన్యం మోసిన బరువును ఒక భూగోళశాస్త్ర విద్యార్థి, ఆయనకు తోడైన కొందరు ఎత్తుకున్నారు. వీరిని కదిలించినది సిద్ధాంతం కంటే అవసరం. తమ పాఠాలకూ పరిశోధనలకూ ఆ సాధనం కావాలి.

5. లైసెన్సు

1999 అక్టోబరులో గ్రాస్‌ను జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చారు. సార్వజనీనంగా ఉన్న కోడ్‌ను ఎవరైనా తీసుకుని, మెరుగులు దిద్ది, తలుపులు మూసి అమ్ముకోవచ్చు. జీపీఎల్ అందుకు ఒప్పుకోదు. మార్చి పంచేవారు తమ మార్పులనూ అదే షరతులతో పంచాలి. ఒక కోణంలో చూస్తే ఇది వాడకందారుల స్వేచ్ఛకు పెట్టిన పరిమితి. మరో కోణంలో చూస్తే, జీతం లేకుండా పనిచేసేవారికి తమ శ్రమ పరుల పాలు కాదన్న హామీ. కాలక్రమం మాత్రం స్పష్టం. సాధనం కోలుకున్న తరువాతే ఈ లైసెన్సు వచ్చింది. లైసెన్సు గ్రాస్‌ను బతికించిందనడం కంటే, బతికించినవారు తమ పనికి లైసెన్సును కంచెగా వేసుకున్నారనడం సమంజసం.

2002లో వెలువడిన 5.0లో చాలాకాలపు లోపం ఒకటి తీరింది. పాత గ్రాస్‌లో గడుల విలువలు పూర్ణాంకాలే. సున్నా అంటే ‘సమాచారం లేదు’ అని అర్థం. అంటే సముద్రమట్టానికి సరిసమానంగా ఉన్న నేలకూ, అసలు కొలవని నేలకూ తేడా తెలియదు. డెల్టా ప్రాంతాలకు ఇది ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. దశాంశ విలువలనూ, ‘లేదు’ అనే ప్రత్యేక గుర్తునూ చేర్చే పని సెర్ల్ రోజుల్లోనే మొదలైనా, స్థిరమైన వెర్షన్‌గా అందరికీ అందింది ఇప్పుడే. అదే ఏడాది సెప్టెంబరులో ఇటలీలోని ట్రెంటోలో గ్రాస్ వాడకందారుల సమావేశం జరిగింది. మార్కస్ నెటెలర్, హెలెనా మితసోవా కలిసి రాసిన గ్రాస్ పుస్తకం కూడా 2002లోనే వచ్చింది.

6. పేరు మీద తగాదా

ఈలోగా ఇతర సాధనాలూ పుట్టాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నాసా సహకారంతో మ్యాప్‌సర్వర్ తయారైంది. 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ జీడాల్ మొదలుపెట్టాడు. వందకు పైగా రూపాల్లో ఉండే పటాల ఫైళ్లను చదివే ఈ కోడ్ ఓపెన్ సోర్స్ సాధనాలతో పాటు వాణిజ్య సాధనాల్లోనూ చేరింది. 2001లో కెనడాకు చెందిన రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ నుంచి పోస్ట్‌జీఐఎస్, 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ చేతిలో క్యూజీఐఎస్ మొదలయ్యాయి. షెర్మన్‌కు కావలసింది తన లినక్స్ కంప్యూటరులో పటాలను తెరచి చూసే చిన్న సాధనం మాత్రమే. అది పెరిగి పెద్దదై, గ్రాస్ భాగాలను తనలోంచే నడిపే వీలు కల్పించింది. నేడు ఆర్.వాటర్‌షెడ్‌ను వాడేవారిలో చాలామంది దానిని క్యూజీఐఎస్ ద్వారానే వాడుతున్నారని అనుకోవచ్చు. తాము వాడేది గ్రాస్ అని వారిలో కొందరు గమనించకపోనూవచ్చు.

2005 నవంబరులో ‘మ్యాప్‌సర్వర్ ఫౌండేషన్’ ఏర్పడబోతోందన్న ప్రకటన వచ్చింది. వాణిజ్య సంస్థ ఆటోడెస్క్ తన పటసాధనం ఒకదానిని ఓపెన్ సోర్స్ చేస్తూ, దానికి ‘మ్యాప్‌సర్వర్ ఎంటర్‌ప్రైజ్’ అని పేరు పెట్టదలచింది. ఏళ్ల తరబడి ఉన్న అసలు మ్యాప్‌సర్వర్‌కు ‘చీతా’ అన్న తోక తగిలించాలన్నది ప్రతిపాదన. కోడ్ రాసినవారు, వాడుతున్నవారు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. తమను అడగకుండా పేరు పంచుకోవడమేమిటన్నది వారి ప్రశ్న. పైకి ఇది మాటల తగాదాలా కనిపిస్తుంది. కానీ లైసెన్సు కోడ్‌ను కాపాడుతుందే తప్ప పేరునూ, దానితో వచ్చిన నమ్మకాన్నీ కాపాడదు. 1999లో వేసుకున్న కంచెకు అందని చోటు ఇది.

వివాదం మంచికే దారితీసింది. ఆటోడెస్క్ సాధనం ‘మ్యాప్‌గైడ్’ పేరుతోనే కొనసాగింది. 2006 ఫిబ్రవరి 4న షికాగోలో జరిగిన సమావేశంలో ఏ ఒక్క సాధనం పేరూ లేని ఉమ్మడి సంస్థగా ‘ఓపెన్ సోర్స్ జియోస్పేషియల్ ఫౌండేషన్’, క్లుప్తంగా ఓఎస్‌జియో, ఏర్పడింది. తొలి సభ్య ప్రాజెక్టుల్లో మ్యాప్‌సర్వర్, మ్యాప్‌గైడ్ పక్కపక్కనే చోటు చేసుకున్నాయి. గ్రాస్ కూడా వాటిలో ఉంది. 1992లో తన పేరుతో పుట్టిన సంస్థ దూరమైన పన్నెండేళ్లకు దానికి మళ్లీ ఒక గూడు దొరికింది.

7. చేతిలో సాధనం, బీరువాలో పటం

ఈ కథలో మన దేశం స్థానం ఏమిటి? ఆసియాలో ఓపెన్ సోర్స్ జీఐఎస్ వ్యాప్తికి పాటుపడినవారిలో భారతీయుడైన వెంకటేశ్ రాఘవన్ ముఖ్యుడు. జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉంటూ, గ్రాస్‌లో ఆంగ్లేతర లిపులు కనిపించేలా చేసే కృషిలో ఆయన పాలుపంచుకున్నాడు. 2012లో ఈ రంగంలో ప్రతిష్ఠాత్మకమైన సోల్ కాట్జ్ పురస్కారం ఆయనకు లభించింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోని ప్రాదేశిక సమాచార ప్రయోగశాల దేశంలో ఈ కార్యకలాపాలకు ఒక కేంద్రమైంది. 2017 జనవరిలో ఓపెన్ సోర్స్ పటసాధనాల ఆసియా సదస్సుకు హైదరాబాదే వేదిక.

సాధనాల పరంగా ఇక్కడి విద్యార్థి ఎవరికీ తీసిపోలేదు. అతనికి దొరకనిది పటం. సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైన సంస్థ. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖ నుంచి దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన సంప్రదాయం దానిది. అంత సూక్ష్మంగా తయారైన పటాలను రక్షణ కారణాల మీద దశాబ్దాల పాటు కట్టడిలో ఉంచారు. సరిహద్దుల వెంట, సముద్రతీరం వెంట సుమారు 80 కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతపు పటాలు నిషిద్ధ శ్రేణిలో ఉండేవి. ఆంధ్ర తీరం పొడవునా ఈ పట్టీ కిందికే వచ్చింది. కాకినాడ, మచిలీపట్నం చుట్టుపక్కల కాలువల గురించి పరిశోధన చేయదలచినవారికి అమెరికా సైన్యం రాసిన కోడ్ అడగగానే దొరికేది. ఆ ఊళ్ల పటం దొరకాలంటే అనుమతులు కావాలి.

2005 మేలో వచ్చిన జాతీయ పటాల విధానం పటాలను రక్షణ శ్రేణి, బహిరంగ శ్రేణి అని రెండుగా విడదీసి కొంత వెసులుబాటు ఇచ్చింది. కానీ 2016 మేలో కేంద్రం ప్రకటించిన ముసాయిదా బిల్లు అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరించినా, పంచినా వంద కోట్ల రూపాయల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు. బహిరంగ శ్రేణి పటాలను ఉచితంగా దించుకునే వీలు 2017లో కలిగింది, అదీ ఆధార్ సంఖ్య ఇచ్చినవారికి. చివరికి 2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరాన్ని చాలావరకు తొలగించాయి. గ్రాస్‌కు జీపీఎల్ వచ్చిన ఇరవై ఒక్క ఏళ్లకు ఇది జరిగింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లోనే ప్రకటించడం గమనిస్తే, సాధనాన్ని విడుదల చేయడం కంటే సమాచారాన్ని విడుదల చేయడం రాజ్యానికి ఎంత కష్టమో తెలుస్తుంది.

అమెరికాలో ప్రజాధనంతో తయారైన కోడ్ ప్రజలదైంది. ఇక్కడ ప్రజాధనంతో తయారైన పటం రాజ్యానిదిగా ఉండిపోయింది. రెండు దేశాల మధ్య ఈ భేదాన్ని సాంకేతిక వెనుకబాటుతనంగా చూడటం పొరపాటు. వలస పాలనలో పటం పన్నుకూ సైన్యానికీ సంబంధించిన రహస్య పత్రం. స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ దృష్టి చాలాకాలం మారలేదు.

పాత పటాలు చేతికి వచ్చాక కొత్త పని మొదలవుతుంది. ఇవి ఎవరెస్టు గోళాభ కొలతల మీద గీసినవి. ఉపగ్రహ చిత్రాలు వేరే కొలతల మీద ఉంటాయి. సవరణ లేకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే మన ప్రాంతంలో ఊళ్లు వంద మీటర్లకు పైగా పక్కకు జరిగినట్లు కనిపిస్తాయి. ప్రోజ్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఈ తేడాను లెక్కగట్టి సరిచేస్తుంది. పేర్ల సంగతి వేరు. ఆంగ్ల లిపిలో అచ్చయిన పటాల్లో ‘డ’కూ ‘ద’కూ, ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ తేడా కనిపించదు. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ తెలుగు పేరును వేరుగా రాసే గడి ఉంది. ఆ గడిలో పడవలసిన అక్షరం ఏదో ఎత్తుల పటం చెప్పదు, ఉపగ్రహ చిత్రమూ చెప్పదు. ఆ ఊరివాళ్లను అడగాలి.